దీపాలవేళ కథలు చెప్పిన టీచరమ్మ

టీచరమ్మ పోయారని ఆవిడ మేనకోడలు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు యూనివర్సిటీ క్యాంపస్‌లో క్లాసుకి వెళ్తున్నాను. ఫోన్ సంచిలో పడేసి క్లాసుకే వెళ్ళాను. ఆ గంటసేపు ఏం పాఠం చెప్పానో నా విద్యార్థుల్నే అడగాలి. నిజం చెప్పాలంటే ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇంత వయసొచ్చాక భయమేమిటని నవ్వేవాళ్ళు నవ్వుకోండి. సరిగ్గా భయపడటం ఎలాగో నాకు నేర్పిన మనిషి ఆవిడే.

నేను పిల్లలకు రాసే కథల్లో చీకటి ఎక్కువని తల్లిదండ్రులు నన్ను నిలదీస్తుంటారు. "పిల్లలు జడుసుకుంటే ఎవరిది బాధ్యత?" అని ఒకాయన సభలో లేచి నిలబడి మరీ అడిగాడు. ఆ రోజు ఏదో చెప్పి దాటవేశాను. ఇవాళ టీచరమ్మను తలుచుకుంటూ రాస్తున్న ఈ నాలుగు మాటలు ఆయన కోసం కూడా.

తార్నాకలో ఒక సందు చివర మేడ. కింది వాటాలో టీచరమ్మ, పైన మేము. ఆవిడది గుంటూరు వైపు. లాలాగూడలో రైల్వేవాళ్ళ పిల్లలకు చాలా ఏళ్ళు చదువు చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఎప్పుడూ బుగ్గన ఒక లవంగం, ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు ఎండ ఉన్నా లేకపోయినా చేతిలో గొడుగు. బల్లి కనిపిస్తే వీధంతా వినిపించేలా కేక పెట్టేవారు. అంత పిరికి మనిషి పిల్లలకు చెప్పే కథలు మాత్రం వెన్నులో చలి పుట్టించేవి. రాసి పత్రికలకు పంపితే తిప్పి పంపేవాళ్ళట. "కథలో దెయ్యాన్ని చంపొచ్చమ్మాయ్, దాచకూడదు. వీళ్ళు దాచమంటున్నారు," అని విసుక్కునేవారు.

మాది జనగామ పక్క పల్లె. నాన్న క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేసేవాడు. అమ్మ రామంతాపూర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పి, అటునుంచి అటే ట్యూషన్లకు వెళ్ళేది. ఇద్దరూ చెడ్డవాళ్ళు కారు. నన్నొక దెబ్బ వేసి ఎరగరు. కాకపోతే నేను నాన్న దగ్గర ఉన్నాననుకుని అమ్మ, అమ్మ దగ్గర ఉన్నాననుకుని నాన్న నిశ్చింతగా ఉండేవాళ్ళు. ఇంటి తాళంచెవి నాడాకు కట్టి నా మెడలో వేశారు. బడి నుంచి వచ్చి నేనే తాళం తీసుకుని, పొద్దుటి అన్నం నేనే పెట్టుకుని తినేదాన్ని. ఖాళీ ఇంట్లో ఫ్యాను కూడా ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడేది. అందుకని ఎక్కువసేపు మెట్ల మీదే కూర్చునేదాన్ని.

ఆ మెట్ల మీదే టీచరమ్మ సాయంత్రాలు కథలు చెప్పేవారు. సందులో పిల్లలందరూ చేరేవాళ్ళు. వాటిలో మమ్మల్ని బాగా పీడించింది గోనెసంచివాడి కథ. వాడు దీపాలవేళ సందుసందూ తిరుగుతాడు. ఎవరి జోలికీ పోడు, ఊరికే చెవులు రిక్కించి వింటాడు. ఆ వేళకు తల్లులంతా పిల్లల్ని లోపలికి పిలుస్తారు కదా. ఏ పిల్లని ఎవరూ పిలవలేదో ఆ పిల్ల గుమ్మం ముందు ఆగుతాడు. ఆగి, తనే పిలుస్తాడు. ఆ గొంతు అచ్చం అమ్మ గొంతే.

టీచరమ్మ ఇక్కడికొచ్చేసరికి గొంతు బాగా తగ్గించేవారు. సరిగ్గా అప్పుడే ఏదో ఒక ఇంట్లోంచి నిజంగానే ఎవరో అమ్మ కేకేసేది. పిల్లలంతా కెవ్వున అరుస్తూ ఎవరిళ్ళకు వాళ్ళు పరుగు. నేనొక్కదాన్నే కదలకుండా కూర్చునేదాన్ని. "ఈ పిల్లకు డర్ అన్నదే లేదు," అని ఎదురింటి ఆంటీ మెచ్చుకునేది. నాకూ గర్వంగానే ఉండేది. మర్నాడు సందులో ఝాన్సీరాణిలా నడిచేదాన్ని.

ఒక సాయంత్రం అందరూ పారిపోయాక టీచరమ్మ లేవలేదు. నన్నే చూస్తూ కూర్చున్నారు.

"నీకు భయం వెయ్యలేదా?"

"వెయ్యలే," అన్నాను.

"మరి ఆ చేతులెందుకు అలా వణుకుతున్నాయి?"

చేతులు గౌను కింద దాచుకున్నాను. ఆవిడ లవంగం పక్క బుగ్గకు మార్చుకుని నెమ్మదిగా అన్నారు: "నీది ధైర్యం కాదమ్మా. నీకు పరిగెత్తడానికి చోటు లేదు."

ఆ మాటకు నాకెంత కోపం వచ్చిందో! ఆ వెంటనే ఎంత ఏడుపొచ్చిందో! లోకమంతా మెచ్చుకున్న నా ధైర్యాన్ని ఒక్క మాటతో తీసి పక్కన పెట్టేశారు. మర్నాటి నుంచి కథ మొదలుపెట్టేముందు తన వాటా తలుపు బార్లా తీసి, లోపల లైటు వేసి వచ్చేవారు. "భయమేస్తే ఇందులోకి పో. నన్ను అడగక్కర్లేదు," అన్నారు. మొండిదాన్ని కదా, ఒక్కసారి కూడా పోలేదు.

ఆ కథలో పిల్ల ఎలా తప్పించుకుందో టీచరమ్మ చాలా రోజులు చెప్పలేదు. అడిగి అడిగి ప్రాణం తీస్తే చివరికి చెప్పారు. అమ్మ గొంతుతో పిలుపు వినగానే ఆ పిల్ల తలుపు తియ్యకుండా ఒక ప్రశ్న వేసింది: "నాకు ఏ కూర పడదో చెప్పు." వాడికి గొంతు వచ్చుగానీ పిల్ల సంగతి ఏం తెలుసు? నీళ్ళు నమిలాడు. పిల్ల గడియ తియ్యలేదు.

పిల్లలంతా చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం అప్పుడే అసలు భయం పట్టుకుంది. అదే ప్రశ్న అమ్మను అడిగితే? అమ్మకూ తెలీకపోతే? రాత్రి పక్కలో పడుకుని అడుగుదామని నోటిదాకా వచ్చేది. అడగలేదు. తెలియదంటే ఏం చెయ్యాలో కథలో లేదు.

తర్వాత కొన్నాళ్ళకు ఒక సాయంత్రం కరెంటు పోయింది. టీచరమ్మ చర్చి పనిమీద వెళ్ళారు, తలుపుకు తాళం. అమ్మ రాలేదు, నాన్న రాలేదు. నాన్న పగలంతా ఏం చేస్తాడో, ఇంటికంటే బాగుండే ఆ చోటు ఎలా ఉంటుందో చూడాలని నాకు ఎప్పటినుంచో కుతూహలం. భయం ఒకవైపు తోస్తోంది, ఇది ఒకవైపు లాగుతోంది. తాళం వేసి క్యాంపస్ దారి పట్టాను.

లోపలికి వెళ్ళేకొద్దీ చెట్లు దట్టమయ్యాయి, మనుషులు పలచబడ్డారు. ఎక్కడో నెమలి అరిస్తే చంటిపిల్ల ఏడ్చినట్టే ఉంది. నాన్న చెప్పే రాతి బిల్డింగు దొరికింది. వరండా పొడుగునా మూసిన తలుపులే. "నాన్నా!" అని పిలిస్తే నా గొంతే రెండుసార్లు తిరిగొచ్చింది. వెనక్కి తిరిగేసరికి మెట్ల దగ్గర ఒకతను స్కూటరు మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలీదు.

"ఏం పాపా, ఒక్కదానివే గీడేం చేస్తున్నవ్?"

"మా నాన్న కోసం వచ్చిన."

"మీ నాన్ననే నన్ను పంపిండు. నడువు, బండి మీద తీస్కపోత."

ఎంత తియ్యగా అన్నాడో! ఆ ఏడాది అంతా నాతో అంత ప్రేమగా ఎవరూ మాట్లాడలేదు. నిజంగా చెబుతున్నాను, నా కాళ్ళు ఒక అడుగు ముందుకు వేశాయి. నోరు మాత్రం దానంతటదే అడిగింది: "నాకు ఏ కూర పడదో చెప్పు."

అతను నవ్వాడు. "ఏందో పిచ్చి పిల్ల. దా, చాక్లెట్ కొనిస్త," అని బండి దిగాడు.

పరిగెత్తాను. చెప్పు ఒకటి ఊడిపోయింది. వెనక స్కూటరు స్టార్టయిన చప్పుడు వినపడింది, అది నా వైపు వచ్చిందో అటు పోయిందో నాకు ఇప్పటికీ తెలీదు. మెయిన్ రోడ్డు, బస్సులు, సందు. ఆ సందులో నా కాళ్ళు మా మెట్లెక్కలేదు. కరెంటు ఇంకా రాలేదు, కానీ టీచరమ్మ వచ్చేశారు. తెరిచిన గుమ్మంలో కొవ్వొత్తి వెలుగుతోంది. వెళ్ళి ఆవిడ కడుపులో తల దూర్చేశాను. జరిగింది విని ఆవిడ నాకంటే ఎక్కువ వణికారు. నన్ను వదలకుండా, "పరిగెత్తావు కదే! అమ్మయ్య, పరిగెత్తావు," అని అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నారు.

నాన్న వచ్చి సంగతి వినగానే ముందు టీచరమ్మ మీదే లేచాడు. "గిసుంటి కథలెందుకు చెప్తరు టీచర్? పిల్ల జడుసుకున్నది సూడుండ్రి."

"పిల్ల జడుసుకోబట్టే ఇంటికొచ్చిందండి," అన్నారు టీచరమ్మ. ఆ గొంతులో అంత కటువుదనం నేనెన్నడూ వినలేదు. "సరే, మీరు చెప్పండి. దానికి ఏ కూర పడదు?"

నాన్న నా వైపు చూశాడు. కాసేపు ఏదో వెతుక్కున్నట్టు చూసి, "తెల్వది," అన్నాడు.

రాతి బిల్డింగు దగ్గర కూడా నాకంత భయం వెయ్యలేదు. టీచరమ్మ చీర గట్టిగా పట్టుకుని, నాన్న వెనక గోనెసంచి ఉందేమోనని తొంగి చూశాను. నాన్న అది చూశాడు. అసలు ఆ కథ ఏమిటో టీచరమ్మ మెల్లగా చెబుతుంటే వింటూ వింటూ గుమ్మంలో కూలబడిపోయాడు. మా నాన్న భయపడగా చూడటం నాకదే మొదలు. కొంతసేపటికి చెయ్యి చాచి, దగ్గరకు లాక్కోకుండానే అడిగాడు: "ఏ కూర బిడ్డా?"

"పొట్లకాయ," అన్నాను.

"పొట్లకాయ," అన్నాడు నాన్న, పాఠం అప్పజెప్పినట్టు.

నేనింకా కదలకపోతే టీచరమ్మ నా చెవిలో అన్నారు: "వెళ్ళు. గోనెసంచివాడు ఏనాడైనా అడిగాడా? వాడికి తెలీదు, తెలుసుకోడు. మీ నాన్న అడిగాడు కదే."

ఆ తర్వాత మా ఇల్లు స్వర్గమైపోయిందని చెప్పను. అమ్మ ట్యూషన్లు కొన్ని మానేసింది. నాన్నకు మతిమరుపు అలాగే ఉంది, కానీ దీపాలవేళకు ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉండేవాళ్ళు. పై నుంచి నా పేరు పిలిచే కేక కోసం నేను కావాలని మెట్ల మీద ఆలస్యం చేసేదాన్ని. సభలో లేచిన ఆ పెద్దమనిషికి నా జవాబు ఇదే. బాబూ, పిల్లల్ని జడిపించేది కథలు కావు. అవి ఇంట్లో ఉన్న భయానికి ఒక పేరు పెడతాయి, అంతే.

పోయిన నెల టీచరమ్మను చూడటానికి వెళ్ళాను. మనిషి చిక్కిపోయి మంచానికి అతుక్కుపోయారు. చూపంతా గది మూలకే ఉంది. "అక్కడెవరో ఉన్నారే," అంటున్నారు. "ఎవ్వరూ లేరు అత్తా, నువ్వు పడుకో," అని మేనకోడలు సముదాయిస్తోంది. లేరన్న కొద్దీ ఆవిడ ఇంకా వణికిపోతున్నారు. మేనకోడల్ని పక్కకు జరగమని నేను మంచం మీద కూర్చున్నాను.

"ఎంత ఎత్తుంది టీచరమ్మా? తలుపంతా?"

ఆవిడ నా వైపు తిరిగారు. ఎవరో ఒకరు అడిగినందుకు ప్రాణం లేచొచ్చినట్టు చూశారు. "అంత లేదు. వంగి ఉంది."

"మనల్ని చూస్తోందా?"

"నిన్ను కాదు. నన్నే."

నేనూ అటు చూశాను. ఆ మూలలో మడతపెట్టిన ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద ఒక తువ్వాలు. అంతకుమించి నాకేమీ కనిపించలేదు. ఆ మాట మాత్రం చెప్పలేదు.

"సరే. దాన్ని నేను చూస్తుంటాను. మీరు కాసేపు కళ్ళు మూసుకోండి," అన్నాను.

"చూపు తిప్పవు కదా?" అని నా మణికట్టు పట్టుకున్నారు.

"తిప్పను."

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. నా మణికట్టు మీద ఆవిడ పట్టు మెల్లగా సడలింది. బయట చీకటి పడుతోంది. మేనకోడలు లైటు వెయ్యబోతే వద్దని చేత్తో సైగ చేసి, నేను ఆ మూలనే చూస్తూ కూర్చున్నాను.