చందూర్‌లో అవ్వ బదులు

కరోనా టీకాల రోజుల్లో మా పని జనానికి చెప్పే మాటలు కూర్చడం. మనిషి టీకాను ఎందుకు వాయిదా వేస్తాడో, ఏ మాటకు కదులుతాడో నిజామాబాద్‌లో శిక్షణ ఇచ్చారు. సొంత ఊరు ఎవరికీ ఇవ్వలేదు. నాకు బోధన్ పడింది, బోధన్ నుంచి వచ్చిన నా స్నేహితుడికి మా చందూర్ పడింది. చందూర్‌లో టీకా వద్దని భీష్మించిన మా అవ్వ ఉంది. ఆమెను ఒప్పించేది మాత్రం నేనేననుకున్నాను.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద మొదలుపెట్టాను. మొదట ఊరి సంగతి, తర్వాత ఆమె వంతు, చివర తేదీ. శిక్షణలో నేర్పిన క్రమం ఇదీ.

"అవ్వా, ఊర్ల అందరు ఏసుకుంటున్నరు."

"అందరు ఏసుకున్నంక నాకెవలు అంటిస్తరు?"

"నీ కోసం ఒకటి పక్కకు వెట్టిన్రు."

"నా పేరు జెప్పి ఎవలకన్న ఇయ్యి బిడ్డా."

తేదీ దాకా పోనేలేదు.

వారం తిరగకముందే స్నేహితుడు ఫోన్ చేశాడు. "మీ అవ్వ టీకా ఏసుకుంది. మంచిగనే ఉన్నది." అతని గొంతులో గర్వం కోసం వెతికాను. లేదు. అది ఇంకా మండించింది.

అవ్వ, పక్కింటి ముసలమ్మ పసుపు తవ్వేటప్పుడు ఒకరికొకరు బదులు పోయేవారు. ఇవాళ ఈమె చేనుకు ఆమె వస్తే, రేపు ఆమె చేనుకు ఈమె. కూలి ఉండదు, తిరిగి పోకుండా ఉండటమూ ఉండదు. నా స్నేహితుడు ముందు పక్కింటామెకు టీకా వేయించి, అవ్వ దగ్గరికి పంపాడు. "నీకు ధైర్యముండాలెనని ముందుగల్ల నేను పోయొచ్చిన. ఇగ నీ బదులున్నది" అందట ఆమె. మర్నాడే అవ్వ కదిలింది.

ఇచ్చిపుచ్చుకోవడం గురించి శిక్షణలో లేచి మాట్లాడింది నేను. పసుపు చేనుకు సద్ది మోసిందీ నేనే.

"బదులు ముచ్చట నీకెవరు చెప్పిండ్రు?" అని అతన్ని అడిగాను.

"మీ అవ్వనే. టీకా మాట ఎత్తలే అన్నా, పసుపు ముచ్చట వెట్టిన. ఇగ ఆపితే కద."

రెండో టీకా రోజు అవ్వ కోసం బైక్ తీసుకుని పొద్దున్నే పోయాను. ముసలమ్మలిద్దరూ అప్పటికే ఆటోలో కూర్చున్నారు, డ్రైవర్ పక్కన అతను. నేను వెనకాలే పోయాను. తోడెవరని నర్సు అడిగితే అవ్వ అతన్ని చూపించింది.

"మనుమడు."

"అవ్వా, మనుమన్ని నేను."

"నువ్వు సుత మనుమనివే. గీయన ముందుగల్ల అచ్చిండు" అంటూ అవ్వ తన చేతిసంచి నాకిచ్చి, అతని చెయ్యి పట్టుకుని లోపలికి పోయింది.