గంధరాజం మీద హమ్మింగ్‌బర్డ్

బెల్లంపల్లి బొగ్గుబాయి పనిలో మా బాపు ఊపిరితిత్తులు చెడిపోయాయి. కరీంనగర్‌లో మా ఇంటికి తెచ్చుకున్నాక పొద్దంతా వాకిట్లో కుర్చీలోనే ఉండేవాడు, దేని మీదా మనసు పెట్టేవాడు కాదు. ఒకరోజు పొద్దున నన్ను సైగ చేసి పిలిచాడు. బిళ్లగన్నేరు పూల ముందు బొటనవేలంత ఆకుపచ్చ ప్రాణి గాలిలో నిలబడి, సన్నటి పొడవాటి ముక్కుతో తేనె తాగుతోంది. రెక్కలు ఆడుతున్నట్టే కనపడటం లేదు.

ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతున్నదాన్ని, తడుముకోకుండా హమ్మింగ్‌బర్డ్ అన్నాను. గాలిలో అలా ఆగేది, వెనక్కి ఎగిరేది ఆ పిట్ట ఒక్కటేనని పాఠం కూడా చెప్పాను. ఆ రోజు నుంచి బాపు దాని వేళకు గడ్డం గీసుకుని కూర్చునేవాడు. పాలు పోసేవాళ్లకూ, పక్కింటివాళ్లకూ చూపించాడు. నా సంతోషం ఇంతా అంతా కాదు.

వాకిలి చివర పూలు లేని గంధరాజం చెట్టు చుట్టూ కూడా అది తిరిగేది. మొగ్గల కోసం చూస్తోందనుకున్నాం. అదే చెట్టును తోక మీద ముల్లున్న పచ్చపురుగులు మోడు చేస్తుంటే నాకు ఒళ్లు మండింది. ఆదిలాబాద్‌లో ఉన్న మా ఆడబిడ్డ వాళ్ల నుంచి పత్తికి కొట్టే మందు తెప్పించి రెండుసార్లు కొట్టాను. పురుగులు కుప్పలుగా రాలాయి.

తర్వాత పిట్ట రాలేదు. "ఇయ్యాల సుత రాలే బిడ్డా" అని బాపు రోజూ అనేవాడు. పదిహేను రోజులకు అనడం కూడా మానేశాడు.

ఏం పెడితే వస్తుందో చూద్దామని పిట్టల పుస్తకం తెరిచాను. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా లేవట. ఫోన్‌లో తీసిన వీడియో ఆపి ఆపి చూశాను. తలకు రెండు మీసాలు, అద్దంలాంటి రెక్కలు, ఆరు కాళ్లు. ముక్కనుకున్నది తేనె పీల్చే గొట్టం. అది పిట్ట కాదు, పగలు తిరిగే, సీతాకోకచిలుకలాంటి ఒక చిమ్మట. ఇంటర్నెట్‌లో దాని బొమ్మ దొరికింది, కిందనే దాని పిల్ల బొమ్మ కూడా. తోక మీద ముల్లున్న పచ్చపురుగు. గంధరాజం ఆకుల మీద గుడ్లు పెడుతుందట. నా చదువు తగలెయ్య, మేం ఎదురుచూస్తున్నవాటిని నేనే చంపాను.

బాపు దగ్గర దాచలేకపోయాను. తిడతాడనుకున్నాను. అంతా విని తన కాళ్లవైపు చూసుకున్నాడు.

"నువ్వు కాలేజికి పోయినంక, మందుకు చావనియి ఇంకో నాలుగు కనవడ్డయి బిడ్డా," అన్నాడు. "పిట్ట చెట్టు ఖరాబైతదని నేనే పోయి తొక్కిన."

నాలుగడుగులకే ఆయాసంతో ఆగిపోయే మనిషి, దాని కోసమని ఆ చెట్టు దాకా నడిచాడు.