ఉప్పునీళ్ళలో పళ్ళు

మా అమ్మాయిని మింగేసిన నిప్పు కబురు నాకు హాస్పిటల్లో దుప్పట్లు మారుస్తుండగా వచ్చింది. దాని పీజీలో ఉండే పిల్ల ఫోన్ చేసి, "ఆంటీ, ఆగ్ లగ్ గయీ, జల్దీ ఆయియే" అని ఏడ్చింది. పట్టపగలు, కింద కరెంటు మీటర్ల దగ్గర నిప్పు పుట్టిందట. దిగడానికి మెట్లు ఒక్కటే. మూడో అంతస్తులో ముగ్గురు ఆడపిల్లలు ఉండిపోయారు. అందులో ఒకతి నా బిడ్డ.

జ్ఞాపకార్థ కూడికకి పుస్తకం వేస్తున్నాం, తల్లివి నువ్వే రాయి అన్నారు పాస్టరమ్మ గారు. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మా అమ్మాయి పళ్ళ డాక్టరు చదువుతుండేది. పని నేర్చుకోవడానికి పీకేసిన పళ్ళు తెచ్చుకోమన్నారట కాలేజీలో. నేను ఆయాగా చేసే హాస్పిటల్లో నర్సమ్మని బతిమాలి ఒక డబ్బాడు పోగుచేశాను. శుభ్రంగా కడిగి, బతుకుతెరువుకి వచ్చిన ఈ ద్వారకలో మా బాల్కనీలో చాటలో పోసి రెండు రోజులు ఎండబెట్టాను. మా సొంతూరు సముద్రపు ఒడ్డు. ఏదైనా పాడవకుండా ఉండాలంటే ఎండబెట్టడమే మాకు తెలుసు. శనివారం ఇంటికొచ్చి చూసి అది తల పట్టుకుంది.

"అమ్మా! ఇవేమన్నా ఎండుచేపలా? ఎండితే పళ్ళు పగిలిపోతాయే తల్లీ. ఉప్పునీళ్ళలో ఉంచాలి."

"నాకేం తెలుసే? ముందే చెప్పి చావొచ్చుగా!"

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఇప్పుడు మింగుదామంటే మింగుడు పడదు.

దానికి పై వరసలో పన్ను మీద పన్ను. కుడి పక్క కోరపన్ను పైకెక్కి ఉండేది. పన్ను సరిచేయడానికి తీగ కట్టించుకుంటానంటే నేనే ఒప్పుకోలేదు. పన్ను మీద పన్ను అదృష్టమే, ఉండనీ అన్నాను. "అదృష్టం కాదమ్మా, నేను సొరచేపనవుతున్నా. రెండో వరస మొదలైంది" అని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేది. "నిన్ను కన్నప్పుడు పాలు పడాలని మా అమ్మ సొరచేప పిట్టు తెగ పెట్టింది, అందుకేలే" అనేదాన్ని.

మా నాన్న వేటకెళ్ళినప్పుడు దొరికిన సొర పన్ను ఒకటి మా ఇంట్లో ఉంది. మా అమ్మాయి దాన్ని అరచేతిలో పెట్టుకుని నాకు పాఠం చెప్పేది. సొరకి పళ్ళు వరసలు వరసలుగా ఉంటాయట. ఒకటి ఊడితే వెనకది ముందుకొస్తుందట, బతికినన్నాళ్ళూ అంతే.

"మనకి రెండుసార్లేనమ్మా. పాలపళ్ళు, ఆ తర్వాతవి."

"దేవుడు చేపకిచ్చి మనిషికివ్వలేదేంటే?"

"మన పళ్ళకి చెట్టుకున్నట్టు వేళ్ళిచ్చాడుగా. సొర పన్ను చిగుళ్ళకి అంటుకుని ఉంటుందంతే. మనది ఎముకలోకి దిగుతుంది. ఓ పట్టాన వదలదు."

మార్చురీలో ముఖం చూడనివ్వలేదు. ముగ్గురిలో ఎవరు ఎవరో తెలియడం లేదన్నారు. నా బిడ్డ ఏది అని అడిగితే, "అమ్మాజీ, థోడా రుకియే" అంటారు, కాస్త ఆగమని. నా భయం ఒక్కటే. ఇంకో తల్లి బిడ్డకి ప్రార్థన చేయించి మట్టిలో పెట్టి, నా బిడ్డని ఊరూ పేరూ లేకుండా అక్కడే వదిలేసి వస్తానేమోనని. రెండు రోజులు మార్చురీ బయట బెంచీ మీదే కూర్చున్నాను. పక్కన ఇంకో ఇద్దరు తల్లులు. ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మూడో రోజు దాని కాలేజీ మేడం వచ్చింది. ఆమె చేతిలో తెల్లటి పలువరస అచ్చు. పిల్లలు ఒకరి నోటి అచ్చు ఒకరు తీసి నేర్చుకుంటారట. ఇది మా అమ్మాయి నోటిది. అడుగున రోల్ నంబరు తనే రాసుకుంది, దాని చేతిరాతే. కోరపన్ను అలాగే ఎత్తుగా ఉంది. మేడం ఆ అచ్చుతో పోల్చి చూడడానికి లోపలికెళ్ళి చాలాసేపటికి వచ్చి నా పక్కన కూర్చుంది.

"యహీ హై. ఆప్‌కీ బేటీ" అంది, ఇదే మీ బిడ్డ అని.

ఏ పన్నుని అదృష్టమన్నానో ఆ పన్నే దాన్ని నాకు చూపించింది. ఒళ్ళంతా కాలినా అది పట్టు వదల్లేదు. ప్రభువా, ఇందుకేనా నేను ఆ మాట అన్నది?

అచ్చు నాకిచ్చేశారు. బైబిలు పక్కన పెట్టాను. అది చదువుకోవడానికి దాచుకున్న పళ్ళ డబ్బా కూడా ఇంట్లోనే ఉంది. ఎవరెవరివో పళ్ళు. దాని స్నేహితులు వచ్చి తీసుకెళ్తామన్నారు. ఇవ్వలేకపోయాను. రోజూ పొద్దున్నే ప్రార్థన అయ్యాక పాత నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో ఉప్పు కలిపి పోస్తాను. బాల్కనీలోంచి ఎండ లోపలికి వచ్చేసరికి డబ్బాని నీడకి జరుపుతాను.

ఎండితే పగిలిపోతాయి.