పిన్ని ఎంపీలకు చెప్పిన మాట

పోయిన నెల ఒక గురువారం పొద్దున్నే నరసన్నపేట నుంచి అమ్మ ఫోన్ చేసింది. "మీ పిన్ని ఎల్లిపోనాదే" అని ఏడ్చింది. పెరట్లో బట్టలు ఆరేస్తూండగా ఫిట్స్ వచ్చి పడిపోయిందట. నూతి గట్టు అంచు తలకి తగిలింది. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. అందరూ గట్టుని తిడుతున్నారు. ఆవిడకి ఆ దెబ్బ తొమ్మిదేళ్ల కిందటే తగిలిందని నాకు తెలుసు.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. బట్టల కొట్టు నడుపుకునే మా తాత ఇంట్లోంచి ఉద్యోగానికి వెళ్లిన మొదటి ఆడపిల్ల. ఒక విమాన సంస్థలో, విమానం ఎక్కే గేటు దగ్గర ప్రయాణికులని చూసి పంపే పని. నేను ఆవిడ ఉద్యోగం చేసే నగరంలోనే చదువుకుంటూ ఆవిడ దగ్గరే ఉండేదాన్ని.

ఆ దెబ్బ తగిలిన రోజు, మధ్యాహ్నం రావలసిన విమానం ఇంకా వేరే ఊళ్లోనే ఉంది. ఆ సంగతి కంపెనీకి తెలుసు. "అరగంటలో వస్తుందని చెబుతూ ఉండండి" అని పైవాళ్లు పిన్నికి చెప్పారు. గేటు దగ్గర ఆవిడ ఒక్కతే. నాలుగు గంటలపాటు అదే మాట చెప్పింది. చివరికి ఒక మనిషి, వరుస కోసం తాడు కట్టే స్టీలు స్తంభం ఎత్తి ఆవిడ తల మీద కొట్టాడు. కింద పడ్డాక పొట్టలో తన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఎవరో "ఇంకోటి వెయ్యి" అన్నారు. ఆ గొంతు ఎవరిదో ఆవిడకి ఎప్పటికీ తెలియలేదు. కొట్టినవాడి మీదకన్నా ఆ గొంతు మీదే ఆవిడకి ఎక్కువ కోపం.

ఎడమ చెవి పూర్తిగా పోయింది. ఫిట్స్ మొదలయ్యాయి. వచ్చినప్పుడల్లా నాలుక కొరుక్కుని నోరంతా రక్తం చేసుకునేది. కూరగాయల బజారులో కూడా గోడకి వీపు ఆనించి నిలబడే బేరమాడేది. ఎదురు షాపువాడు షట్టరు దించిన చప్పుడుకి చేతిలో గ్లాసు విసిరేసేది. తేరుకున్నాక, "తలకాయ మానిపోనాది గానీ, సెయ్యి ఇంకా మానలేదే గుంటా" అని నవ్వేది.

ఆ తర్వాతి ఏడాది విమాన సంస్థల సంఘం నుంచి కబురొచ్చింది. పైలట్ల సంఘం, ఉద్యోగుల యూనియన్లు, విమానాశ్రయాలు నడిపేవాళ్లు, అందరూ కలిసి ఒక కూటమి కట్టారు. సిబ్బందిని కొట్టినవాళ్లకి గట్టి శిక్ష పడేలా చట్టం మార్చమని ఎంపీలని ఒప్పించడం వాళ్ల పని. దెబ్బ తిన్న మనిషి ఎదురుగా కూర్చుంటే మాట బాగా ఎక్కుతుందనుకున్నారు. ఫిట్స్ భయంతో నేనూ ఢిల్లీకి తోడు వెళ్లాను.

విమాన సంస్థల సంఘం ప్రతినిధి ఒకాయన కాగితం చేతికిచ్చి, "ఇందులో ఉన్నది మాత్రమే చదవండి మేడమ్" అన్నాడు. జుట్టు పాయ తీసి మచ్చ కనిపించేలా దువ్వుకోమని కూడా చెప్పాడు. పిన్ని అలాగే దువ్వుకుంది. గదిలో ఎంపీలు ఎనిమిదిమంది. కాగితం చదువుతుంటే ఒక్కరూ కదల్లేదు. అయ్యాక వాళ్లలో ఒక తెలుగాయన అడిగాడు. "అంతసేపు ఆలస్యమవుతుందని మీకు ముందే తెలుసా అమ్మా?"

పిన్ని ప్రతినిధి వైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆవిడ కాగితం మడిచి బల్ల మీద పెట్టింది.

"తెలుసు బాబూ. సెప్పొద్దన్నారు. నన్ను కొట్టినోడిని జైల్లో ఎయ్యండి, నాను కాదనను. నా సేత అబద్ధం ఆడించి, ఆ జనం ముందు ఒక్కదాన్ని నిలబెట్టినోళ్లని కూడా అడగండి. ఈలు కూడా ఇక్కడే కూకున్నారు."

బయట వరండాలో ఆ ప్రతినిధి ముఖం ఎర్రగా చేసుకుని, "మా పరువు తీశారు" అన్నాడు.

"నా బుర్ర పగిలినప్పుడు మీ పరువు ఏటి సేస్తన్నాది బాబూ?" అంది పిన్ని. ఆయన చేతిలోని ఫైలు లాక్కుని గోడకేసి కొట్టింది. కాగితాలు వరండా అంతా చెదిరాయి. నేను ఆవిడని వెనక నుంచి గట్టిగా పట్టుకున్నాను.

కూటమి మళ్లీ పిలవలేదు. కంపెనీ ఆవిడని సరుకుల గోదాముకి మార్చితే, రాజీనామా పారేసి నరసన్నపేట వచ్చేసింది. కానీ యూనియన్లు కూటమి నుంచి బయటికొచ్చి, ఆవిడ మాటనే అర్జీగా రాసి ఎంపీల చుట్టూ తిరిగాయి. చట్టం మారలేదు. ఆ విమానాశ్రయంలో మాత్రం గేటు దగ్గర ఎవరినీ ఒంటరిగా నిలబెట్టకూడదన్న నియమం వచ్చింది. ఈ సంగతి చెప్పినప్పుడు పిన్ని, "ఇద్దరుంటే ఒకర్తైనా అరుస్తాది" అంది.

పెద్దకర్మ నాడు హైవే దగ్గర వ్యాను దిగి అయిదుగురు అమ్మాయిలు మా ఇంటికి నడిచి వచ్చారు. పిన్ని పనిచేసిన విమానాశ్రయంలో డ్యూటీ దిగి అటునుంచి అటే బయలుదేరారట, యూనిఫారాలతోనే ఉన్నారు. చివర ఉన్న అమ్మాయి కనుబొమ మీద ప్లాస్టరు, పెదవి వాచి ఉంది.

"ఏటయ్యిందమ్మా?" అని అడిగింది అమ్మ.

"నిన్న విమానం రాలేదండీ" అంది ఆ అమ్మాయి. "పక్కన ఇంకో మనిషి ఉంది కాబట్టి ఇంతటితో పోయింది."

అమ్మ ఆ పిల్ల గడ్డం పట్టుకుని, ముఖాన్ని మెల్లగా వెలుతురు వైపు తిప్పి, పగిలిన ఆ పెదవిని చూస్తూ వాకిట్లో అలాగే నిలబడిపోయింది.