మేం గ్రూపులోంచి తీసేసిన లైబ్రరీ మేడమ్

మా వీధి లైబ్రరీ మేడమ్ గారు మంగళవారం పొద్దున పోయారు. ఆ కబురు నాకు మా మచిలీపట్నం కాలనీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. కింద వరసగా దండాల బొమ్మలు. వాటిని చూస్తే నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

రిటైరయ్యాక ఆవిడ ప్రతి నెలా ఒకటో తారీఖున ఆ గ్రూపులోనే ఒక జాబితా పెట్టేవారు. నెట్‌లో తను చదివిన వ్యాసాలు, చూసిన వీడియోలు, ఏడో ఎనిమిదో. ఒక్కోదాని కింద అది ఎందుకు నచ్చిందో రెండు వాక్యాలు. కలంకారీ రంగులు ఉడకబెట్టే వీడియో ఒకటి, దివిసీమలో ఉప్పు తేలిన పొలాల గురించి ఇంకొకటి. "మొత్తం చూడనిది నేను పంపనండీ. నచ్చకపోతే తిట్టండి, కానీ చూసి తిట్టండి" అనేవారు.

మేం చూడలేదు. బొటనవేలి బొమ్మ పెట్టి వదిలేసేవాళ్ళం.

మొన్న వేసవిలో గ్రూపు అడ్మిన్ ఒక వీడియో పంపాడు. ఏదో ఆకు రసం తాగితే షుగర్ పోతుందట, మాత్రలు పారేయొచ్చట. మా వీధికి చేపలు తెచ్చే అక్క గ్రూపులో లేకపోయినా ఎవరి ఫోన్లోనో అది చూసి మాత్రలు మానేసింది. కాలి పుండు ముదిరి రెండు వేళ్ళు తీసేశారు. ఆసుపత్రిలో దగ్గరుండి చూసుకున్నది మేడమే. ఇంటికొచ్చి గ్రూపులో రాశారు: "ఆ వీడియో అబద్ధం. పంపినవారు ఆ మాట ఇక్కడే చెప్పాలి."

పది నిమిషాల్లో అడ్మిన్ ఆవిణ్ణి గ్రూపులోంచి తీసేశాడు. నేను చూశాను. నోరెత్తలేదు. అడ్మిన్ మీద కంటే నా మీదే నాకు ఎక్కువ కోపం.

అయినా ఆవిడ జాబితా ఆపలేదు. ఒక్కొక్కరికీ విడిగా పంపారు. నాకు కూడా.

ఆవిడ పోయిన రోజు మేడమ్ వాళ్ళింటి ముందు అడ్మిన్ పూలదండతో నిలబడి, "మా గ్రూపుకి పెద్దదిక్కండీ" అన్నాడు.

"మరి ఎందుకు తీసేశారు?" అని అడిగాను.

"ఇప్పుడెందుకండీ అవన్నీ?"

"అప్పుడు అడగలేదు కాబట్టి!"

అందరూ నా వైపు చూశారు. అతను తల తిప్పుకున్నాడు.

ఇంతలో చేపల అక్క కుంటుకుంటూ వచ్చి మెట్ల మీద కూర్చుంది. ఆమెకు చదువు రాదు. "నాకు మేడంగారు చదివి పంపేవోరండీ" అంటూ ఫోన్ తీసింది. నెలనెలా ఆ వ్యాసాలన్నీ ఆవిడ తన గొంతుతో రికార్డు చేసి ఆమెకు పంపారట. మాకెవరికీ ఆ సంగతి తెలియదు.

అక్క ఒకటి నొక్కింది. కొల్లేటికి వచ్చే పక్షుల గురించి మేడమ్ చదువుతున్నారు. మధ్యలో దగ్గొచ్చింది. "ఉండమ్మా, కాసిని నీళ్ళు తాగి చెప్తాను." గ్లాసు కింద పెట్టిన చప్పుడు. మళ్ళీ గొంతు.

పాడె లేపారు. అక్క ఫోన్ ఆపలేదు. వీధి మలుపు తిరిగేదాకా మేడమ్ చదువుతూనే ఉన్నారు.