ఇంటి రొట్టె, హోటల్ పాయ

పత్రికలో పని మానేశాక, తెలిసిన ప్రచురణకర్త ఒకాయన నాకో చిన్న పుస్తకం అప్పగించాడు. విదేశీ బ్రాండ్ల తిండి దుకాణాలు రోడ్డు పొడవునా వచ్చేస్తుంటే మన ఊళ్ల హోటళ్లు వాటి పక్కన ఎలా నిలబడాలన్నది విషయం. హోటల్ నడిపేవాళ్లు చదివి ఆచరించేలా ఉండాలన్నాడు. తిరిగి, చూసి, అడిగి రాయడం తప్ప నాకు వేరే విద్య రాదు కనుక ఒప్పుకున్నాను. ఎక్కడ తిరగాలని పెద్దగా ఆలోచించలేదు. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా ఉన్న రోడ్డు నాకు విలేకరిగా తొలిరోజుల నుంచీ తెలుసు.

మొయినాబాద్ దాటగానే అప్పటికే అద్దాల గోడలతో ఒక బర్గర్ దుకాణం వచ్చి ఉంది. కారు దిగనక్కర్లేకుండా కిటికీలోంచి కాఫీ అందుకుని పోవచ్చు. ఆదివారం పొద్దున ఫామ్‌హౌస్‌లకు వచ్చే సిటీ కార్లు దాని ముందు వరుస కట్టేవి. నేను ఆదివారాలే కాదు, మిగతా రోజుల్లో కూడా వెళ్లి దాని ఎదుట నిలబడి చూశాను. మంగళవారం, బుధవారం పొద్దుటి పూట లోపల కుర్రాళ్లు టోపీలు పెట్టుకుని బల్లలు తుడుస్తూ ఉండేవాళ్లు. తినేవాళ్లు కనిపించేవారు కాదు.

అదే రోజుల్లో, అదే పొద్దుటి పూట, కొంచెం అవతల కనకమామిడి మలుపు రాకముందే ఉన్న ఒక రేకుల హోటల్లో కూర్చోవడానికి చోటు దొరికేది కాదు. భర్త వంట చేస్తాడు, భార్య గల్లా దగ్గర కూర్చుంటుంది. యాభై దాటిన మనిషి. రోడ్డు మీద అందరికీ అక్కే. పొద్దున మేకకాళ్ల పాయ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం మిర్చీలు. పాయ మంచిదే, కాదనను. కానీ ఆ రద్దీకి పాయ ఒక్కటే కారణం కాదని రెండు మూడు సార్లు వెళ్లాక తెలిసింది.

చేవెళ్ల, ముడిమ్యాల, షాబాద్ వైపు రైతులు చీకటితో టమాటాలు, కొత్తిమీర, క్యారెట్ ట్రాలీ ఆటోల్లో వేసుకుని సిటీ మార్కెట్లకు పోతారు. సరుకు దింపి వెనక్కి వచ్చేసరికి ఎండెక్కుతుంది. ఆకలి మీద ఉంటారు. ఇంటి నుంచి గుడ్డలో కట్టి తెచ్చుకున్న జొన్నరొట్టెలు వాళ్ల దగ్గర ఉంటాయి. ఆ హోటల్లో కూర్చుని, మూట విప్పి, ఒక గిన్నె పాయ తీసుకుని రొట్టె అందులో విరుచుకుని తినేవాళ్లు. రొట్టె ఇంటిది, పాయ హోటల్‌ది. ఎందుకు తెచ్చుకున్నారని అక్క ఎన్నడూ అడగలేదు. పోతూ పోతూ వాళ్లు, అమ్మకుండా పక్కన పెట్టిన టమాటాలో, ఒక కట్ట కొత్తిమీరో, పచ్చిమిరపకాయలో ఆమె గల్లా పక్కన పెట్టిపోయేవాళ్లు. వాటితో నూరిన తొక్కు పచ్చడి మర్నాడు అందరి పళ్లాల్లోకీ వచ్చేది.

"ఇయ్యాల తొక్కు ఎవలదక్కా?" అని అడిగాడొకసారి షాబాద్ రైతొకాయన.

"ముడిమ్యాల బాపుది" అంది అక్క.

"అందుకే గింత పుల్లగున్నది. పురాగ ఆయన మాట లెక్కనే."

ఆ బాపు అక్కడే ఉన్నాడు. తెల్ల పంచె, మెడలో తువ్వాల, నెమ్మదిగా నమిలే మనిషి. తల ఎత్తకుండానే అన్నాడు: "నీ చేన్ల పండినయి తెచ్చి పెట్టరాదు? నీ టమాటలు చూస్తె మేకలు గూడ మొఖం తిప్పుకుంటయి."

హోటలంతా నవ్వింది. నాకు మాత్రం అక్కడ నా పుస్తకం దొరికినట్టనిపించింది. అద్దాల దుకాణం ఆదివారం మీద బతుకుతున్నది, ఈ రేకుల హోటల్ వారమంతా బతుకుతున్నది. తినేవాళ్లే సగం వంట సామాను తెచ్చిపెట్టే హోటల్‌ను ఏ బ్రాండ్ కంపెనీ మాత్రం కట్టగలదు? ఇదే మొదటి అధ్యాయం అనుకున్నాను.

అప్పుడే అక్క తమ్ముడు వచ్చాడు. సిటీలో ఒక మాల్‌లో తిండి దుకాణానికి మేనేజర్‌గా చేసి, అది మూతపడితే అక్క దగ్గరికి వచ్చాడు. పనిమంతుడు. వచ్చీ రాగానే గోడలకు సున్నం వేయించాడు, చేతులు కడుక్కునే చోట సబ్బు పెట్టించాడు, నల్లబడ్డ గిన్నెలు మార్పించాడు. ఆ పనులన్నీ మంచివేనని నేనూ రాసుకున్నాను. వాటి వల్లే ఆదివారాల్లో సిటీ కార్లు అక్కడ కూడా ఆగడం మొదలైంది.

ఆగిన కార్లలోని వాళ్లు ఒక కొత్త సంగతి తెచ్చారు. తండ్రికి పాయ కావాలి, పిల్లలకు బర్గర్ కావాలి. అద్దాల దుకాణంలో ఆదివారం కూర్చోవడానికి చోటుండదు. అక్కడ పిల్లలకు కొనుక్కుని, ఆ డబ్బాలు తెచ్చి అక్క బల్లల మీద విప్పుకునేవాళ్లు. పక్కనే రైతులు మూటలు విప్పుకుంటున్నారు కాబట్టి ఇక్కడ ఇదే పద్ధతి అనుకున్నారేమో, ఎవరినీ అడగలేదు. ఒక బల్ల మీద జొన్నరొట్టె, ఇంకో బల్ల మీద బర్గర్, నడుమ అక్క పాయ. నాకది చూడ్డానికి బాగానే ఉండేది. తమ్ముడికి మాత్రం ఒళ్లు మండేది.

"అక్కా, వాళ్ల డబ్బలు మన బల్ల మీద పెట్టి ఫోటోలు దిగుతున్నరు. ఫోటోల ఎవలి పేరు పడ్తది? మనదా, వాళ్లదా?"

"పడనీ తియ్‌రా. వాళ్ల నాయిన పాయ తాగుతుండు గద."

"గట్లనే అనుకుంట కూసో. రేపు ఉత్తగ ఫ్యాను కింద కూసునేతందుకే వస్తరు మనకాడికి."

అతనన్నట్టే ఒక ఆదివారం జరిగింది. రెండు మూడు కార్ల జనం ఒక్కసారి దిగి, బల్లలన్నీ పట్టి, డబ్బాలు విప్పుకుని, తలా ఒక చాయ్ మాత్రం చెప్పారు. తినడానికి వచ్చినవాళ్లు నిలబడి నిలబడి వెళ్లిపోయారు. తమ్ముడు బోర్డు పెడదామంటే అక్క ఇక కాదనలేకపోయింది. మర్నాటికి గల్లా వెనక గోడ మీద ఫ్లెక్సీ వచ్చింది: "బయటి తిండి లోపలికి తేరాదు."

"ఇది మన రైతులకు గాదు, యాదుంచుకో" అంది అక్క.

"వాళ్లకెందుకైతదే? వాళ్లు మనోళ్లు" అన్నాడు తమ్ముడు.

ఇద్దరూ మనసులో అనుకున్నది అదే. రైతులు కూడా ఆ వారమంతా దాని కింద కూర్చుని ఎప్పటిలాగే మూటలు విప్పుకున్నారు. ఆ రాత తమ గురించని వాళ్లలో ఎవరికీ తోచలేదు.

తరవాతి ఆదివారం నేను మూల బల్ల దగ్గర ఉన్నాను. ముడిమ్యాల బాపు అప్పుడే వచ్చి కూర్చుని రొట్టె విరుచుకుంటున్నాడు. ఒక కుటుంబం కారు దిగి వచ్చింది, చేతుల్లో బర్గర్ డబ్బాలు. తమ్ముడు మర్యాదగానే ఎదురెళ్లి బోర్డు చూపించాడు. ఆ ఇంటాయన బోర్డు చూశాడు, లోపలికి చూశాడు.

"మరి ఆయన ముందున్నదేంటి? ఆ రొట్టె మీరు చేసిందేనా?"

"ఆయన మా రెగ్యులర్, సార్."

"అయితే? రూల్ అంటే అందరికీ ఒకటే ఉండాలి కదా. మేం తింటే బయటి తిండి, ఆయన తింటే కాదా?" గొంతు పెరిగింది. పక్కన ఆయన కొడుకు ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు.

తినేవాళ్లందరూ ఆగి చూస్తున్నారు. అక్క గల్లా దగ్గర నుంచి లేచింది. బాపు దగ్గరికి వచ్చి, వంగి, మెల్లగా చెప్పింది: "బాపు, జర లోపట వంటింట్ల కూసుంటవా? నేను పెడ్త, దా."

బాపు ఆమె ముఖం చూశాడు. తరవాత గోడ మీది బోర్డు చూశాడు, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్నట్టు. రొట్టెను గుడ్డలో చుట్టి, ముడి వేసి లేచాడు.

"వద్దు బిడ్డా. బండి కాడ తింట. నువ్వు ఫికర్ చెయ్యకు."

గిన్నెలో పాయ సగానికి పైగా ఉంది. దాన్ని పక్కకు జరిపి, చెయ్యి కడుక్కుని, బయటికి నడిచాడు. మిగతా రైతులూ ఒకరి తరవాత ఒకరు మూటలు కట్టుకున్నారు. కారులో వచ్చినవాళ్లు కూడా కూర్చోలేదు. డబ్బాలు కారులోనే విప్పుకుని కనకమామిడి వైపు వెళ్లిపోయారు.

ఆ రోజు జనం తగ్గాక అక్క నా ఎదురుగా కూర్చుంది. "మా ఇంటోళ్లు దప్ప ఎవ్వరు రారు సార్ ఆ వంటింట్లకు. గీ మా తమ్మున్ని గూడ చెప్పులిడిసి రమ్మంట. ఇంట్లోడనుకొనే పిలిచిన నేను. తనను దాస్తున్ననుకున్నడా ఏంది?"

"రేపు వస్తడు తియ్యే. ఎన్నేండ్ల సంది వస్తుండు?" అన్నాడు తమ్ముడు. అతని గొంతులో కూడా ధైర్యం లేదు.

మర్నాడు రాలేదు. ఆ తరవాతా రాలేదు. ఆయన ట్రాలీ హోటల్ ముందు నుంచే పోయేది, వేగం తగ్గేది కాదు. షాబాద్ వాళ్లు కొన్నాళ్లు ఆగారు కానీ మూటలు తేలేదు. అటూ ఇటూ చూసి, చాయ్ తాగి వెళ్లిపోయేవాళ్లు. తరవాత వాళ్లూ మానుకున్నారు. బోర్డు తమ్ముడే తీసేశాడు, ఎవరూ చెప్పకముందే. గల్లా పక్కన టమాటాలు పెట్టేవాళ్లు లేక తొక్కుకు మొయినాబాద్ అంగట్లో కొనుక్కురావడం మొదలైంది. ఆ తొక్కు కూడా తిన్నాను. అది ఎవరి టమాటా అని అడిగే వాళ్లు లేరు, చెప్పేందుకూ ఏమీ లేదు. మామూలు రోజుల్లో పొద్దుటి పూట బల్లలు ఖాళీ. హోటల్ నడిచేది ఆ పొద్దుటి గిరాకీ మీదే అని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

కొన్ని వారాల తరవాత, "మీకు కారున్నది గద సార్, నన్ను ముడిమ్యాలకు తీస్కపోతరా?" అని అడిగింది అక్క. కొంగు నడుముకు చుట్టి, మూత బిగించిన స్టీలు క్యాన్లో పాయ పట్టుకుని ఎక్కింది. దారంతా దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఒలకకుండా రెండు చేతులా పట్టుకునే ఉంది.

బాపు చేనులో టమాటా చెట్లకు కర్రలు పాతుతున్నాడు. మమ్మల్ని చూసి చేతులు దులుపుకుంటూ గట్టు మీదికి వచ్చాడు.

"ఏం బిడ్డా, గింత దూరం వచ్చినవ్? పాణం మంచిగున్నదా?"

"బోర్డు తీసేసినం బాపు."

"అట్లనా. మంచిది."

"రేపటి సంది రా. నీ జాగల ఎవ్వరిని కూసోనిస్తలేను."

ఆయన గట్టు మీద కూర్చున్నాడు. మాకూ చోటు చూపించాడు. "కోపం గీపం ఏం లేదు నాకు. నీ మీద నాకేం కోపముంటది? ఆనాడు ఇంటికొచ్చి మా ముసల్దానికి చెప్పిన, ఇగ పొద్దుగాల రొట్టెలు చెయ్యకే అని. ఎందుకని గూడ అడుగలే ఆమె. మోకాళ్లు పట్టుకుంటనే లేస్తుండె ఇన్ని దినాలు, నాకోసమని. ఇప్పుడు తెల్లారేదాక పండుకుంటున్నది. ఇగ మళ్ల లెవ్వుమని ఎట్ల చెప్పాలె, చెప్పు?"

అక్క, "మిగిలినోళ్లు?" అంది.

"వాళ్లు మార్కెట్ కాడనే ఇడ్లీ తిని వస్తున్నరు. మరిగిండ్రు దానికి. ఆలస్యమైతలేదు అంటున్నరు."

"నేనే రొట్టెలు చేపిస్త బాపు. హోటల్లనే. పొద్దుగాల వేడివేడిగ."

బాపు నవ్వాడు. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. "చేపియ్యి. మంచిదే. సిటోళ్లు గూడ తింటరు. గని అప్పుడు నేను గూడ వాళ్ల లెక్క గిరాకినే గద బిడ్డా."

పాయ క్యాను తీసుకున్నాడు. లోపల ఒకసారి చూసి, వాసన పీల్చి, ఇంటికి తీసుకుపోతానన్నాడు. ముసలామెకు ఇష్టమట, ఎన్నడూ ఆ హోటల్‌కు రాకపోయినా. లేచి మళ్లీ కర్రల దగ్గరికి నడిచాడు.

తిరుగుదారిలో చేవెళ్ల దాటాక అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ అంది: "తిట్టినా మంచిగుండేది సార్. కాళ్లు మొక్కి తోల్కొచ్చుకుందును."

ఇప్పుడు ఆ హోటల్లో జొన్నరొట్టెలు చేస్తున్నారు. తమ్ముడు ఇద్దరు ఆడవాళ్లను పెట్టాడు, రొట్టెలు మెత్తగా, గుండ్రంగా బాగానే వస్తాయి. ఆదివారం నాలుగు కార్లు ఆగుతాయి. బర్గర్ డబ్బాలు ఎవరూ తేవడం లేదు, ఎందుకంటే రోడ్డవతల ఆ బ్రాండ్‌దే ఇంకో పెద్ద దుకాణం వచ్చింది, అందరికీ చోటుంది. మంగళవారం పొద్దున నేను వెళ్తే నాకు నచ్చిన బల్ల దగ్గర కూర్చోవచ్చు. ఒకప్పుడు ఆ చోటు కోసం నిలబడి ఎదురుచూసేవాణ్ణి.

పుస్తకం రాయాల్సిన గడువు దగ్గరపడ్డప్పుడు అక్కే అడిగింది, "మా హోటల్ గురించి ఏమని రాస్తున్నరు సార్?" అని.

ఇంకా ఏమీ రాయలేదన్నాను.

"రాయకుండ్రి. మళ్ల మంచిగైనంక రాద్దురు."

అందుకని ఆ పుస్తకం ఆ హోటల్ లేకుండానే అచ్చయింది. శుభ్రత గురించి, త్వరగా వడ్డించడం గురించి, బోర్డు దూరం నుంచి కనిపించేలా పెట్టడం గురించి అందులో అధ్యాయాలున్నాయి. అన్నీ పనికొచ్చే సంగతులే. మొదటి అధ్యాయం అనుకున్నది మాత్రం అందులో లేదు. మంచిగయ్యాక రాద్దామని చాలాకాలం చూశాను. ఈమధ్య వెళ్లినప్పుడు, ఇక రాసుకుంటానని, ఎవరి పేర్లూ పెట్టనని చెప్పాను. అక్క గల్లా మీద చెయ్యి ఆనించింది.

"అట్లయితె రాయుండ్రి. మా తమ్మున్ని మాత్రం చెడ్డోన్ని చెయ్యకుండ్రి, వాడు నా కోసమే చేసిండు." ఖాళీ బల్లల వైపు ఒకసారి చూసి, మళ్లీ అంది: "పాయ మంచిగుంటదని గూడ రాయుండ్రి సార్. గదైతె అబద్ధం గాదు."