పట్టుకు లేని మైల

మందుల అంగడిలో పాత పేపరు మడత విప్పే చప్పుడు వినిపిస్తే నాకు ధర్మవరం గుర్తొస్తుంది. మొన్న కదిరిలో మా వీధి చివరి అంగడికి వెళ్ళి పెద్దవాళ్ళకు వాడే డైపర్ల ప్యాకెట్ ఒకటి ఇమ్మన్నాను. నా కోసమే. నాకూ ఆపరేషన్ అయింది, ఒంటి మీద ఉండే అధికారం ఒక్కొక్కటే చేజారే వయసు వచ్చింది. అంగడాయన నా ముఖం చూడకుండా ప్యాకెట్ కిందికి దించి, అడగకముందే పాత పేపరు తీశాడు. సిరా వాసన, దుమ్ము వాసన, వాటి అడుగున ఆ ప్యాకెట్ నుంచి సన్నగా పౌడరు వాసన. ఈ మూడూ కలిసిన వాసన నాకు కొత్తది కాదు. చాలా ఏళ్ళ కిందట బెంగుళూరు బస్సులో ఒళ్ళో పెట్టుకుని దాన్ని మోశాను. మోయించినవారు మా రుద్రప్ప సావుకారు.

రుద్రప్ప ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి. చిన్నప్పుడు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నేసిన మనిషి, పెద్దయ్యాక అంగడి పెట్టి తెల్లటి పరుపు మీద కూర్చున్నారు. నేత మాత్రం ఆయన వేళ్ళను వదలలేదు. నేసినవాళ్ళు చీర తెచ్చి ముందు పరిస్తే కళ్ళు ఎక్కడో పెట్టి అరచేత్తో అంచు వెంట నిమిరేవారు. ఎక్కడ పోగు సడలిందో చేయి ఆగిపోయేది. ఆయన బాగుందన్న చీరను మరో వ్యాపారి కాదనేవాడు కాదు. అందుకే నేతగాళ్ళు ఆయన చేతి కిందికే చీర తెచ్చేవాళ్ళు.

తొంభైలు ముగిసే రోజుల్లో నేను ఆయన దగ్గర గుమాస్తాగా చేరాను. మాది సోమందేపల్లె పక్క ఊరు. మా తాతగారి మాట ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళలో చెల్లేది. తర్వాత వానలు మొహం చాటేశాయి, తవ్విన బోర్లన్నీ దుమ్ము కక్కాయి, మిగిలింది కోర్టుల పాలైంది. మా నాయన నాకు వదిలిపోయినవి రెండే: వంగని నడుము, ఒక కట్టుబాటు. విడిచిన బట్ట మళ్ళీ ఒంటి మీదికి రాకూడదు. పొద్దున కట్టిన పంచె మా తాత సాయంత్రం కట్టేవారు కాదు. విడిచిందంటే మైలే. ఆస్తి పోయినా కట్టుబాటు పోకూడదని నేను పట్టుదలగా ఉండేవాణ్ణి. నాకు ఉన్నవి తక్కువ పంచెలు. ఎండాకాలం ట్యాంకరు నీళ్ళ కోసం వీధంతా బిందెలు బారులు తీరినప్పుడు కూడా అర బకెట్ పంచెకని దాచేవాణ్ణి. సావుకారు ఇది కనిపెట్టారు.

"ఏమప్పా దొరా, మనుషులకు తాగేదానికి లేకపోతే నువ్వు పంచెకు తాపిస్తాండావంట."

ఆయన నన్ను దొరా అని పిలిచింది ఎగతాళికే. కానీ నలుగురి ముందు ఏనాడూ నన్ను నిలబెట్టి మాట్లాడలేదు. పరుపు మీద తన పక్కనే చోటు చూపించేవారు. ఎగతాళి చేస్తూనే మర్యాద ఇవ్వవచ్చని ఆయన దగ్గరే తెలిసింది.

ఏదీ పారేయని మనిషి. అంగడిలో నేల మీద పట్టుపోగు కనిపిస్తే వంగి తీసి వేలికి చుట్టుకునేవారు. "తెగింది అతికేదానికి దొరా, పారేసేదానికి కాదు" అనేవారు. పీనాసి అని బజారులో అనుకునేవాళ్ళు. నేనూ కొంత అలాగే అనుకున్నాను.

కొన్నేళ్ళకు ఆయనకు ప్రొస్టేటు ఆపరేషన్ అయింది, బెంగుళూరులో. తిరిగొచ్చిన వారానికి నన్ను లోపలి గదికి పిలిచి తలుపు వేయమన్నారు. ఏదో తప్పు జరిగిందనుకుని నేను నిలబడే ఉన్నాను.

"కూర్చో. నాకు నీళ్ళు నిలువవు అప్పా. మన చెరువు మాదిరి అయిపోయినా."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎక్కడ చూడాలో తెలియలేదు. మా ఇంట్లో మా నాయన తన జ్వరం సంగతే మూడోవాడికి చెప్పనిచ్చేవారు కాదు. ఈ మనిషి తన మూత్రం గురించి చెరువు గురించి చెప్పినట్టు చెబుతున్నాడు. బెంగుళూరులో డాక్టరు డైపర్లు రాసిచ్చాడట. ఇక్కడ దొరకవు, దొరికినా కొంటే ఊరంతా తెలుస్తుంది. చీరల పని మీద బెంగుళూరు పోయినప్పుడల్లా నేనే తేవాలి, పేపరులో చుట్టి, మగ్గం సామాను అని చెప్పి.

"నేనే ఎందుకు సావుకారూ?"

"దొరల బిడ్డవి. గుట్టు దాచేది మీ ఇండ్లల్లో చిన్నప్పుడే నేర్పిస్తారు గదా." నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, "ప్రకాశుకు తెలిస్తే నన్ను మిద్దె మీదికి ఎక్కించి, మంచం మీద పండబెట్టి దుప్పటి కప్పుతాడు. వాడు చెడ్డోడు కాదు, పరువుకు భయపడతాడు. నేను ఆ పరుపు మీద కూర్చోకపోతే చీర ఎవరు పట్టి చూస్తారు? చీర పట్టని చేయి ఎన్నాళ్ళు బతుకుతుంది?" అన్నారు.

ప్రకాశు ఆయన ఒక్కగానొక్క కొడుకు. అంగడి లెక్కలు వచ్చు గానీ చీర పట్టుకుంటే ఏమీ తెలియదు. అప్పటినుంచి ఆ పరుపు మీద సావుకారు కూర్చున్న ప్రతి రోజూ, పంచె కింద ఏముందో తెలిసినవాళ్ళం ఇద్దరమే. దానికి ఆయన పెట్టిన పేరు బెంగుళూరు గోచి.

వాడినవాటిని ఏం చేయాలన్నది మేమిద్దరమూ ఆలోచించలేదు. ఆయన ముతక గుడ్డలో చుట్టి వెనకవీధి చెత్తకుప్పలో వేసి వచ్చేవారు. ఒక పొద్దున అంగడి తెరిచి, నేతగాళ్ళు నలుగురు కూర్చుని ఉండగా, ఒక కుక్క ఏదో తెల్లగా, ఉబ్బిపోయినదాన్ని ఈడ్చుకుంటూ సరిగ్గా మా మెట్ల ముందుకు వచ్చింది. ఒక పక్క చిరిగి లోపలి నుంచి తెల్లటి జిగురు నేల మీద రాలుతోంది. వీధిలో వాళ్ళు మూగారు. దిండు అన్నారొకరు. కాదు, ఆస్పత్రి కట్టు అన్నారు మరొకరు. ఓబులేసు అనే నేతగాడు మెట్లు దిగి కట్టెపుల్లతో పొడిచి చూసి, "ఏందప్పా ఇది, ఇంత నీళ్ళు తాగిండాది" అన్నాడు.

సావుకారు ముఖం వైపు చూసే ధైర్యం లేకపోయింది. ఆయన గొంతు మాత్రం మామూలుగానే వినిపించింది.

"దానికుండే బుద్ధి మన చెరువుకు లేకపోయె గదరా ఓబులేసూ. పడిన చుక్కను పడినట్టు పట్టుకోనుండాది."

అందరూ నవ్వారు. కుక్కను తరిమారు. నేను మాత్రం ఆ రోజు అన్నం తినలేకపోయాను.

అది జరిగిన కొన్నాళ్ళకు, రంగు వేసిన పట్టు ఆరిందో లేదో చూసి రమ్మని సావుకారు నన్ను మిద్దె మీదికి పంపారు. వెదురు గెడల మీద పట్టుపోగుల చుట్టలు, చిలపలంటారు, వేలాడుతున్నాయి, ఎర్రవి, చిలకపచ్చవి. వాటి వెనక, గోడ చాటున, మరో గెడ మీద తెల్లగా కొన్ని ఎండకు పరిచి ఉన్నాయి. నేను మోసుకొచ్చినవే కాబట్టి చూసీ చూడగానే గుర్తుపట్టాను. గుర్తుపట్టీ నమ్మలేకపోయాను. వెనక ఆయన మెట్లెక్కి వచ్చిన చప్పుడు.

"పట్టు చూడమంటే ఏం చూస్తాండావు దొరా?"

"ఇవి కొత్తవా సావుకారూ?" కొత్తవి కావని తెలిసే అడిగాను.

"నిన్నటివి. చుక్క పడిందో లేదో. బాగా తడిసినవి పారేస్తాండా. ఇవి ఎండినంక మళ్ళా కడతా. ఎన్ని తక్కువ పారేస్తే అన్ని తక్కువ కుక్కలు."

"మీకేం తక్కువ? ఇంకా కావాలంటే నేను తెస్తా గదా."

"నెలనెలా బెంగుళూరు పోతే ప్రకాశు అడగడా? అదీగాక, పొడిగా ఉండే దాన్ని పారేయాలంటే నాకు చేయి రాదప్పా."

నేను నిటారుగా నిలబడ్డాను. నా గొంతు నాకే మా నాయన గొంతులా వినిపించింది. "మా ఇంట్లో విడిచిన బట్ట మళ్ళీ ఒంటి మీదికి రాదు."

ఆయనకు కోపం రాలేదు. పక్కనున్న ఎర్ర చిలపను చేత్తో తడిమి చూస్తూ అడిగారు.

"మీ అమ్మ మడికి ఏం కట్టుకుంటాండె?"

"పట్టుచీర."

"రోజూ ఉతుకుతాండెనా?"

"పట్టుకు మైల లేదు గదా."

"పురుగు నోట్లోనుంచి వచ్చే ఉమ్మి దొరా ఇది. పురుగును ఉడకబెట్టి తీసిన పోగు. దీనికి మైల లేదని ఎవరు చెప్పినారు? కొన్నోడు చెప్పినాడు, వెల చూసి. మైలంతా అగ్గవకు దొరికే దానికే."

నేను ఒప్పుకోలేదు. ఇంటికి పోయి తల మీద చెంబులకు చెంబులు పోసుకున్నాను, పంచెకు దాచిన నీళ్ళతో సహా. ఒళ్ళంతా కడుక్కున్నా ఆ మాట పోలేదు. మా అమ్మ పట్టుచీర మడతలో నాకు ఏళ్ళ తరబడి పవిత్రంగా తోచిన ఆ వాసన, ఉడికిన పురుగుదా అని మొదటిసారి అనిపించింది.

మాటలో ఆయన గెలిచారు గానీ ఒంటి దగ్గర ఓడారు. ఎండిన జిగురు గట్టిపడి తొడల దగ్గర ఒరుసుకుంది. దద్దులు లేచి, పుండ్లై, చలిజ్వరం పట్టింది. అనంతపురం ఆస్పత్రికి తీసుకుపోయినప్పుడు డాక్టరు పంచె తొలగించి చూసి, ప్రకాశునూ నన్నూ కలిపి తిట్టాడు. ఒకసారి తడిసింది ఎంత ఎండినా పనికిరాదని, లోపల మెత్తటి నూలుగుడ్డ మడత పెట్టి దాన్ని మార్చుకుంటూ ఉంటే పైది తొందరగా పాడుకాదని, ఆ గుడ్డలు ఉడకబెట్టి ఎండలో వేయాలని చెప్పాడు. ప్రకాశు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరువలేను. ఇన్నాళ్ళూ ఇంట్లో వాడికంటే గుమాస్తాకు ఎక్కువ తెలుసునన్నది వాడికి అక్కడ తెలిసింది.

అనుకున్నట్టే మిద్దె మీద మంచం పడింది. "నలుగురిలో పరుపు తడిస్తే ఏమనుకుంటారు నాయనా. నవ్వుతారు" అన్నాడు ప్రకాశు. వాడి కళ్ళలో నీళ్ళు నిజమైనవే. అంగడికి వచ్చిన చీరలను ప్రకాశు చూడటం మొదలుపెట్టాడు. ఒకసారి వచ్చిన నేతగాళ్ళు మళ్ళీ రావడం తగ్గించారు.

పెళ్ళిళ్ళ కాలం ముందు ఒక పొద్దున అంగడి నిండా మనుషులున్నప్పుడు ఆయన గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వచ్చారు. పరుపు మీద తన చోట కూర్చుని, ఎదురుగా ఉన్న ఓబులేసు చీర మీద చేయి పెట్టారు. ప్రకాశు వెనక నుంచి మెల్లగా, "నాయనా, పైకి పోదాం రా" అన్నాడు. అందరూ తలలెత్తారు. సావుకారు చేయి అంచు వెంట నడుస్తూనే ఉంది.

"ఓబులేసూ, నాకు మూత్రం నిలువదు. ఆపరేషన్ అయినప్పటినుంచీ కారతాండాది. ఇప్పుడు కూడా కింద గోచి కట్టుకోని కూర్చున్నా. ఆ పొద్దు కుక్క ఈడ్చుకొచ్చిందే, నువ్వు కట్టెతో పొడిస్తివే, అది నాదే."

ప్రకాశు గోడకు ఆనుకున్నాడు. మా వంశంలో మూడు తరాలు ప్రాణం పెట్టి దాచుకునే పరువును ఈ మనిషి చీర మడత విప్పినట్టు నలుగురి ముందు పరిచేశాడు. ఇక ఏదో కూలుతుందని ఎదురుచూశాను.

ఓబులేసు గొంతు సవరించుకున్నాడు. "అయితే నాదీ ఒకటి చెప్తా సావుకారూ. కుడిపక్క అంచులో పోగులు తెగినాయి. అతికినా. నీకు దొరకదేమో చూద్దామనుకున్నా."

"కొంగుకు జానెడు కింద" అన్నారు సావుకారు. "కూర్చున్నప్పుడే చూసినా. నువ్వు చెప్తావా లేదా అని ఉంటి."

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. ఏదీ కూలలేదు. పక్కనున్నాయన తన చీర ముందుకు జరిపాడు. మరుసటి రోజు ఓబులేసు భార్య మెత్తగా నలిగిన నూలుగుడ్డలు ఒక మూట పంపింది. ప్రకాశే వాటిని కత్తిరించి మడతలు కుట్టించాడు, పెరట్లో గుంత తవ్వించి పారేయాల్సినవాటిని అందులో పూడ్పించాడు. మిద్దె మీది మంచం మళ్ళీ కిందికి రాలేదు, దాని మీద పట్టు చిలపలు పెట్టేవాళ్ళు. సావుకారు పోయే ముందు వారం దాకా ఆ పరుపు మీదే ఉన్నారు, చేతి కింద చీరతో.

మొన్న కదిరి అంగడిలో పేపరు మడత విప్పుతుంటే నేను చేయి అడ్డుపెట్టాను. "చుట్టొద్దప్పా." అంగడాయన మొదటిసారి నా ముఖం చూశాడు. "అందరికీ కనపడుతుంది సార్." "కనపడనీ" అన్నాను. ప్యాకెట్ చంకలో పెట్టుకుని బజారు మధ్యలో నడిచి వచ్చాను. మా నాయన ఇచ్చిన నడుము వంగలేదు. వంగకుండా ఎలా నడవాలో చూపించింది మాత్రం మా నాయన కాదు.

ఇంటికి వచ్చి పెట్టె తెరిచి, నేను విడిచిన పాత పంచెలు తీశాను. ఉతికి ఉతికి వెన్నలా అయిన నూలు. మడత మీద మడత పెట్టి కుట్టి, ఉడకబెట్టాను. అవి ఇప్పుడు మా మిద్దె మీద, వీధి వైపు తీగ మీద, ఎండుతున్నాయి.